ఆనందపురం పిండి మరలో మూడు గంటలు

నేను ఒక చార్జింగ్ కేబుల్‌ని. కరెంటు కారు కొన్నవాళ్లకి కారుతో పాటు ఒక నల్ల సంచి ఇస్తారు చూడండి, అందులో చుట్ట చుట్టుకుని పడుకుని ఉండేది నేనే. ఒక చివర మూడు కాళ్ల ప్లగ్గు, మధ్యలో ఇటుకంత పెట్టె, రెండో చివర కారు నోట్లో పెట్టే పిడి. ఆ పిడిని జనం 'గన్' అంటారు. పేరే గానీ నేనెవర్నీ కాల్చను సుమండీ, నాది అన్నం పెట్టే చెయ్యి.

నన్ను చేసిన ఫ్యాక్టరీలో నీలం కోటు తొడుక్కున్న ఒకావిడ నన్ను నీళ్లలో తడిపి, ఎండలో పెట్టి, నాలుగుసార్లు నేలకేసి కొట్టి, బతికి బట్టకట్టాక నా పెట్టెలో ఒక బుద్ధి పెట్టింది. ఎర్త్ లేనిచోట పని చెయ్యకు, ఎవరు బతిమాలినా సరే, ఎర్ర దీపం వెలిగించి కూర్చో అని. మంచి బుద్ధే, కాదనను. దానివల్ల నేను తిన్న తిట్లు మాత్రం ఆవిడ తినలేదు.

నా యజమానురాలు కాకినాడలో మగ్గం పని చేసే కుసుమకుమారి. పెళ్లి జాకెట్ల మీద జరీ, ముత్యాలు, పూసలు కుట్టడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. భర్త ఓడలో ఇంజనీరు, ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ల మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది కుసుమ, ఆమె అత్తగారు వరహాలమ్మగారు. కారు కుసుమ తన సొంత కష్టంతో కొనుక్కుంది. కొన్న రోజున ఆడపడుచు మొగుడు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఊళ్లో తిప్పుకోడానికి బానే ఉందమ్మా. ఊరు దాటేటప్పుడు మాత్రం తొయ్యడానికి నలుగుర్ని ఎక్కించుకో" అన్నాడు. కుసుమ నవ్వింది గానీ ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

ఇక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నాకోసం ఒక సాకెట్టు పెట్టించడానికి మూడు మీటింగులు జరిగాయి. లిఫ్ట్ ఆగిపోతుందని ఒకరు, పిల్లలకి షాక్ కొడుతుందని ఒకరు, అసలు బిల్డింగే అంటుకుంటుందని మూడో అంతస్తు మాస్టారు. చివరికి కుసుమ తన ఫ్లాట్ మీటరు నుంచే విడిగా లైను దింపించుకుని అందరి నోళ్లూ మూయించింది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ మాస్టారే నా దగ్గరికొచ్చి, ముందూ వెనకా చూసి, కళ్లజోడు సర్దుకుని నా పెట్టె మీద రాసిందంతా చదువుకుని వెళ్లాడు. తర్వాత నెలలో ఆయనా కరెంటు కారే కొన్నాడు.

నేను నిదానస్తుణ్ణి, ఒప్పుకుంటాను. రాత్రి తగిలించి పొద్దున్న తియ్యాలి. పెద్ద రోడ్ల పక్కన బీరువాల్లా నిలబడి ఉంటాయే, ఫాస్ట్ చార్జర్లు, అవి అరగంటలో పని ముగిస్తాయి. కారు నోట్లో పైన ఉన్న చిల్లులు నావి. కింద రెండు పెద్ద చిల్లులున్నాయి, అవి ఆ బీరువాల కోసం. వాటికి విడిగా చిన్న రబ్బరు మూత. నాకు ఆ మూతతో పని లేదు, కుసుమకీ అవసరం పడలేదు. దుకాణం, ఇల్లు, బట్టల కొట్టు, అంతే కదా ఆమె తిరుగుడు, నేను పెట్టిన తిండే వారానికి సరిపోయేది.

ఆ మూత తీసే మనిషి ఇంట్లో ఒక్కరే. వరహాలమ్మగారు ప్రతి శుక్రవారం గడపకి పసుపు రాసి బొట్లు పెడతారు. ఇంటి గడప అయ్యాక ఆ గిన్నెతోనే సెల్లార్‌లోకి దిగేవారు. శుక్రవారం నన్ను కారులోంచి తీసి చుట్టడం ఆవిడ వాటా పని. నన్ను చుట్టి పక్కన పెట్టి, ఆ రబ్బరు మూత ఎత్తి, కారు తిండి తినే గడప అదేనన్న నమ్మకంతో లోపలా బయటా ఇంత పసుపు పులిమి, చూపుడు వేలితో రెండు కుంకుమ బొట్లు పెట్టి, మూత భద్రంగా మూసి, దణ్ణం పెట్టి వెళ్లేవారు. "చల్లగా తిప్పు నాయనా మా అమ్మాయిని" అనేవారు. నాకు నోరు లేదు. ఉన్నా ఆ భక్తి చూశాక వద్దనడానికి మనసొప్పేది కాదేమో.

ఇలా ఆర్నెల్లు గడిచాక వైశాఖమాసం లగ్గాలొచ్చాయి. కుసుమ దుకాణంలో మూడేళ్లు పని నేర్చుకున్న దమయంతికి శ్రీకాకుళంలో పెళ్లి కుదిరింది. ఆ పిల్ల ఎంతమంది పెళ్లికూతుళ్ల జాకెట్ల మీదో ముత్యాలు కుట్టింది. "నీ పెళ్లి జాకెట్టు నేను కుడతానే. నా చేత్తో తొడిగి, నా చేత్తోనే హుక్కులు పెడతా" అని కుసుమ మాటిచ్చింది. సీజను తలనొప్పుల్లో ఆ జాకెట్టు పెళ్లి ముందురోజుకి గానీ పూర్తికాలేదు. పెళ్లిరోజు సాయంత్రం ఆరింటికి గౌరీపూజ, పెళ్లికూతురు అది తొడుక్కునే పీట మీద కూర్చోవాలి.

ఆ రోజు పొద్దున్న ఏడింటికి బయలుదేరాం. కుసుమ డ్రైవింగ్, పక్కన వరహాలమ్మగారు, వెనక సీట్లో తెల్లబట్టలో చుట్టిన జాకెట్టు, డిక్కీలో నేను. కారుకి ఒక కడుపు తిండితో రెండువందల కిలోమీటర్లు, శ్రీకాకుళం రెండువందల అరవై. నడుమ ఆనందపురం దగ్గర ఫాస్ట్ చార్జర్‌లో అరగంట ఆగితే చాలని కుసుమ కాగితం మీద రాసుకుంది. ఊరు దాటి ఇంత దూరం వెళ్లడం ఆ కారుకి అదే మొదలు. అత్తాకోడళ్లు తునిలో ఇడ్లీలు తిని, వడలు కట్టించుకుని, ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటూ పదకొండున్నరకి ఆనందపురం చేరారు. అప్పటికి కారులో పద్దెనిమిది శాతం మిగిలింది.

బీరువా గన్ పెట్టారు. తెర మీద ఏదో తిరిగి తిరిగి 'విఫలం' అంది. పక్కదానికి పెట్టారు, అదీ అంతే. కుసుమ ఫోన్లో యాప్ తీసి, మూసి, మళ్లీ తీసి, సహాయం నంబరుకి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి కారు ఆపి మళ్లీ స్టార్ట్ చెయ్యమంది. చేసింది, ఫలితం లేదు. అక్కడ కాపలా ఉన్న ఖాకీ చొక్కా పెద్దాయన తీరిగ్గా లేచి వచ్చి, ఫోన్ లైటు వేసి కారు నోట్లోకి తొంగిచూశాడు.

"ఇదేటి మేడమ్, లోపలంతా పచ్చగా ఉన్నాది? పసుపా ఇది?"

కుసుమ వంగి చూసింది. గట్టిపడ్డ పసుపు, మధ్యలో కుంకుమ. నిదానంగా తలెత్తి అత్తగారి వంక చూసింది. వరహాలమ్మగారు రోడ్డుకి అవతల మేస్తున్న గేదెల వంక చూస్తున్నారు. జీవితంలో గేదెల్ని ఎరగనట్టు చూస్తున్నారు.

"గోకితే రాదా అండీ?" అంది కుసుమ ఖాకీ చొక్కా ఆయనతో.

"ముట్టుకోకండి. ఇందులో వచ్చేది మామూలు కరెంటు కాదు, మంట లేస్తాది. సర్వీసు వోళ్లు కడిగితే గానీ దీనికి తగిలించకూడదు. మీరు బస్సెక్కీండి."

వరహాలమ్మగారి మోకాళ్లు బస్సు మెట్టు ఎక్కి నాలుగేళ్లయింది. టాక్సీ కోసం ఫోన్ చేస్తే, లగ్గాల రోజు కావడంతో ఒక్క బండీ దొరకలేదు. "నన్నిక్కడ నీడలో కూర్చోబెట్టి నువ్వు జాకెట్టు పట్టుకుని బస్సెక్కమ్మాయ్" అన్నారు ఆవిడ, ఇంకా గేదెల వైపే తిరిగి. "మిమ్మల్ని రోడ్డు మీద వదిలేసి పెళ్లికెళ్తానా అత్తయ్యా! బానే ఉంది!" అంది కుసుమ. ఆ గొంతులో ఏడుపుందో కోపముందో నాకూ తెలియలేదు.

అప్పుడు గుర్తొచ్చాను నేను. డిక్కీ తెరుచుకుంది.

నా ఆనందం ఏం చెప్పమంటారు! ఆ బీరువాల ముందు నన్ను బయటికి తీసినప్పుడు ఛాతీ ఉంటే విరిచేవాణ్ణి. పక్కనే ఉన్న డాబా హోటల్‌కి తీసుకెళ్లి ఫ్రిజ్ సాకెట్లో పెట్టారు. ఎర్ర దీపం వేశాను. హోటలాయన ప్లగ్గు అటూ ఇటూ తిప్పి, నా పెట్టె మీద రెండు దెబ్బలు వేసి, "పాడైపోనాది మీ వైరు" అని తీర్పిచ్చాడు. ఆ గోడలో ఎర్త్ వైరు పుట్టి బుద్ధెరిగి లేదని నేనెలా చెప్పేది! కుసుమ నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఎవరో కాస్త అవతల పిండి మర ఉందన్నారు, పెద్ద మోటారుంది కాబట్టి మంచి లైనుంటుందని. మర యజమాని గవరయ్య ఆ రోజు కారం ఆడిస్తున్నాడు. తుమ్ములతోనే స్వాగతం పలికాడు. "ఎర్త్ ఎందుకు నేదమ్మా? మోటారు పెట్టిన్నాడే గొయ్యి తవ్వించినాను" అని సాకెట్టు చూపించాడు. పెట్టారు. నేను నా బుద్ధి కొద్దీ చూసుకున్నాను, ఎర్త్ తగులుతోంది గానీ చాలడం లేదు. మళ్లీ ఎర్ర దీపమే. అప్పటికి ఒంటి గంట దాటింది.

కుసుమ అక్కడే బియ్యం బస్తా మీద కూలబడిపోయింది. "నేనే తొడుగుతానన్నాను అత్తయ్యా దానికి. ఆ పిల్ల నాకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఎవరిదో జాకెట్టు తొడిగేసి పీట మీద కూర్చోబెట్టేస్తారు" అని చేతుల్లో మొహం పెట్టుకుంది.

వరహాలమ్మగారు చీర కుచ్చెళ్లు ఎత్తి దోపారు.

"ఆ గొయ్యెక్కడుందయ్యా?"

"పెరట్లో ఉన్నాదమ్మా. ఏటి సేత్తారు?"

"ఎండలు మండిపోతున్నాయి కదా, నీళ్లెప్పుడు పోశావు దాన్లో?"

గవరయ్య తల గోక్కున్నాడు. పోసి ఎన్నాళ్లయిందో ఆయనకే తెలీదు. "మా ఆయన ముప్పై ఏళ్లు లైన్‌మేన్‌గా చేశారు. వేసవొస్తే ఊళ్లో గొయ్యి గొయ్యికీ బిందెతో నీళ్లు నేనే మోశా. ఎండిన మట్టికి కరెంటు దిగదు బాబూ. ఓ దోసెడు రాళ్లుప్పు పట్రా" అని ఆవిడ పెరట్లోకి నడిచారు. మోకాళ్ల సంగతి ఆవిడకి గుర్తున్నట్టు లేదు.

మొదటి బకెట్టు బుసబుసమంటూ ఇంకిపోయింది. ఎర్ర దీపం కదల్లేదు. ఉప్పు జల్లి రెండోది పోశారు, అప్పుడూ ఎరుపే. "వద్దండీ అత్తయ్యా, పడిపోతారు" అని కుసుమ పరిగెత్తుకొచ్చి బకెట్టు లాక్కోబోతే, "ఉండవే! నన్ను పొయ్యనీ. ఇది నేను పొయ్యాల్సిన నీళ్లే" అని కసిరారు. కసిరేటప్పుడు ఆవిడ కళ్లు నిండి ఉన్నాయి. నాలుగో బకెట్టు సగంలో ఉండగా భూమి నా కాలికి చల్లగా తగిలింది. నీలం కోటు ఆవిడ చెప్పిన లెక్క సరిపోయింది. పచ్చ దీపం వేశాను.

గవరయ్య కేకేశాడు, కారం ఆడించుకోవడానికొచ్చిన ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. తర్వాత మూడు గంటలు నేను నా జీవితంలో ఎప్పుడూ పని చెయ్యనంత పని చేశాను. గంటకి ఇరవై కిలోమీటర్ల తిండి, అంతకు మించి నా వల్ల కాదు, తిట్టుకున్నా అంతే. కుసుమ నిమిషానికోసారి శాతం చూసుకునేది. గవరయ్య భార్య మజ్జిగ ఇచ్చింది, జాకెట్టు చుట్టిన బట్ట విప్పి చూపించమంది, చూసి బుగ్గన వేలేసుకుంది. కుసుమ తుమ్ముతూనే నవ్వింది. అత్తాకోడళ్ల మధ్య పసుపు మాట మాత్రం రాలేదు. తునిలో కట్టించుకున్న వడలు చెరో రెండు తిన్నారు.

నాలుగుంపావుకి నన్ను ఊడబీకారు. ఏసీ కట్టేసి, అద్దాలు దింపి, చెమటలు కక్కుకుంటూ ఆరింటికి పది నిమిషాలుండగా కల్యాణమండపం చేరాం. దమయంతి అప్పటికి వేరే జాకెట్టు తొడుక్కోనని గదిలో భీష్మించుకు కూర్చుందట. కుసుమ పరిగెత్తింది. నేను డిక్కీలో ఉన్నాను కదా, పెళ్లేమీ చూడలేదు. సన్నాయి మాత్రం విన్నాను.

పెళ్లికి ఆడపడుచు మొగుడూ వచ్చాడు, ఆయన శ్రీకాకుళం వైపు మనిషే, పెళ్లికొడుక్కి దూరపు చుట్టం. కారు పక్కనే నిలబడి నలుగురినీ పోగేశాడు. "ఏవమ్మా కుసుమా, ఆరింటికా రావడం? తోసుకుంటూ వచ్చారా ఏంటి?" అన్నాడు. పసుపు కథ చెబితే ఆ నలుగురూ ఏడాదిపాటు నవ్వుకునేవారు. వరహాలమ్మగారి గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది.

"దారిలో చిన్న ఇబ్బందొచ్చిందండీ అన్నయ్యగారూ," అంది కుసుమ. "అత్తయ్యగారు లేకపోతే ఇవాళ ఈ పెళ్లికి వచ్చేదాన్నే కాదు. నడి ఎండలో నాలుగు బకెట్లు నీళ్లు మోసి బండి నడిపించారు. మీకెవరికైనా తెలుసా, ఎర్త్ గొయ్యికి నీళ్లు పొయ్యాలని?"

ఎవరికీ తెలియదు. ఆయనకి అసలే తెలియదు. అందరూ వరహాలమ్మగారి చుట్టూ మూగి అడగడం మొదలుపెట్టారు, ఆవిడ మాత్రం "సంచీ తెచ్చుకోవాలి" అని చెప్పి వెనక్కి వచ్చి డిక్కీ తెరిచారు.

సంచీ అడ్డం పెట్టుకుని నన్ను ఒళ్లోకి లాక్కున్నారు. కొంగుతో నా పెట్టె తుడిచారు. "చూశావా దాన్ని," అన్నారు, ఏడుస్తూ, నవ్వుతూ. "చెప్పలేదే. ఒక్క మాట చెప్పలేదే నా మీద. నా కడుపున పుట్టిన దానికన్నా ఎక్కువే తల్లీ ఇది."

ఆ తర్వాత సర్వీసు వాళ్లు కారు నోరు కడిగారు. ఈ మధ్యే సెల్లార్‌లో స్తంభానికి ఒక కొత్త పెట్టె బిగించారు, నాకన్నా మూడింతలు వేగం. "ఇంక ఈ పాత కేబుల్ మూడో అంతస్తు మాస్టారికి ఇచ్చేద్దాం అత్తయ్యా, వాళ్లది పాడైందని అడుగుతున్నారు" అంది కుసుమ ఒకరోజు.

వరహాలమ్మగారు నా సంచి తీసి భుజాన తగిలించుకున్నారు.

"మాస్టారికి కొత్తది కొనుక్కోమను. దీన్ని ఇవ్వను. ఆ రోజు మనిద్దరం ఏం మాట్లాడుకోలేదో, దీనికొక్కదానికే తెలుసు."