ఆఖరి కుప్ప

ఆత్మకూరుకు కాపురానికి వచ్చేటప్పుడు నా చేతిలో ఉన్నవి రెండే: ఉదయగిరిలో కొన్న చెక్క గరిటె, చేపను సమంగా పంచే నేర్పు. గరిటె అరిగిపోయింది. నేర్పుతో ఎండుచేపల అంగడి నిలబెట్టాను.

ఆ నేర్పు మా అమ్మ గురవమ్మది. సోమశిల దగ్గర మా ఊళ్లో అందరూ కలిసి వల లాగితే, చేపలను ఒడ్డున ఇంటికొక కుప్పగా పెట్టేది ఆమే. మగదిక్కు లేని ఇంటికీ ఒక కుప్ప. వరదయ్య తాత నీళ్లవైపు తిరిగి నిలబడేవాడు. అమ్మ ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరికి?" అనేది. ఆయన చూడకుండా ఒక పేరు చెప్పేవాడు. పంచినవాళ్లది ఆఖరి కుప్ప. ఒకసారి మా పక్కింటి తిరుపాలు, "గురవక్కా, నాకన్నీ ముళ్లచేపలే వచ్చినాయే" అన్నాడు. "నాది తీసుకోరా, మార్చుకుందాం" అంది అమ్మ. అతను రెండు కుప్పలూ చూసి, నవ్వి, తనదే బుట్టలో వేసుకున్నాడు. ఆ తడి ఇసుక, పొలుసుల మెరుపు, ఆ నవ్వు, తక్కెడ పట్టుకున్నప్పుడల్లా గుర్తొస్తాయి.

అత్తింట్లోనూ పంచేది నేనే, ఆఖరున తీసుకునేదీ నేనే. అదే పద్ధతి కదా అనుకుని ఇన్నేళ్లు సరిపెట్టుకున్నాను. కానీ ఇక్కడ కుప్పలు లేవు. ముందు కూర్చున్న మగవాళ్లు అడిగినంత వేయాలి. నాకూ అత్త చెంచమ్మకూ గిన్నె అడుగున పులుసు. "వడ్డించే చేతికి వాసనతోనే కడుపు నిండుద్దిలే" అనేది అత్త. "అడిగితే వద్దన్నామా?" అనేవాడు నా భర్త హరి, చెయ్యి కడుక్కుంటూ.

నిన్న మధ్యాహ్నం బొచ్చెచేప పులుసు చేశాను. ఎవరూ కూర్చోకముందే నాలుగు కంచాలు పరిచి, ముక్కలు సరిచూసి వేసి, గిన్నె బోర్లించాను.

"ఏందే ఇది, సంతర్పణా? ఇందులో నాదేది?" అన్నాడు హరి.

"ఏదైనా ఒకటే. చూసుకో."

వంగి చూశాడు. మరిది నవీన్ కూడా సెల్లు పక్కన పెట్టి చూశాడు. వంక దొరకలేదు.

"అత్తా, నువ్వు గోడవైపు తిరుగు."

"నీ చోద్యం పాడుగాను" అంటూనే తిరిగింది.

ఒక కంచం మీద చెయ్యి పెట్టాను. "ఇది ఎవరికి?"

కొడుకు పేరే వస్తుందనుకున్నాను.

"చెంచమ్మకి" అంది, గోడతో చెప్పినట్టు మెల్లగా.

ఆఖరి కంచం నాది. ఒక నడుము ముక్క, ఒక తోక ముక్క, ఇంకా పొగలు పోతున్న అన్నం, పక్కన అత్త. ఇన్నేళ్ల కాపురంలో నాకు వచ్చిన లాభం ఇది.