మూడవ బొమ్మ

మాఘమాసపు మంచు గోదావరి కాలువపై పలుచని తెరయై పరచుకొని తూరుపున పొడసూపిన బాలభానుని లేయెండకు మెల్లమెల్లగా కరగుచుండ కడియపులంక తోటలలో లెక్కకందని లేమొక్కలు నల్లని సంచులనుండి తలలెత్తి హిమబిందుభూషితములై తళతళలాడుచుండెను. ఆ తోటలలో పుల్లేటి గంగరాజుగారి తోట పేరెన్నికగన్నది. తాతలనాడు కావడిపై మొక్కలు మోసి ఊరూరా అమ్మిన ఆ వంశము నేడు వెబ్‌సైటు నెలకొల్పి దేశము నలుమూలలకును లారీలపై మొక్కలను పంపుచుండెను. ఆ వెబ్‌సైటును దిద్ది తీర్చునది గంగరాజుగారి కోడలు హైమవతి. నానావర్ణపుష్పచిత్రశోభితమైన ఆ పుటను చూచినవారెల్ల మెచ్చుకొనుచుండిరి. చూడలేనివారి మాట ఎవ్వరికిని తోచియుండలేదు.

కాకినాడ చెంతనున్న యొక అంధబాలికల వసతిగృహమునకు దమయంతి యను యువతి పర్యవేక్షకురాలై వచ్చి మూడు మాసములాయెను. ఆమెయు పుట్టుకతోనే చూపులేనిది. ఆ గృహమున క్రొత్తగా చేరిన పసిపిల్లలు భోజనశాలకు పోవలెనన్న గోడను తడవుకొనుచు నడచెదరు. తెల్లని సున్నపుగోడపై వారి నడుమెత్తున చిన్నిచిన్ని అరచేతుల మాపు ఒక నల్లని చారయై ఈ కొననుండి ఆ కొనదాక సాగియుండెను. గోడ విడిచి నడచు త్రోవ ఒకటి ఆ పిల్లలకు కల్పింపవలెనని దమయంతి సంకల్పము. భోజనశాల దారిని మల్లెలు, తరగతి గడప కడ పారిజాతములు, కుళాయి చెంత మరువము నాటించినచో పరిమళమే వ్రేలుపట్టి నడపునని ఆమె తలపోసెను.

గృహకార్యదర్శి అవతారముగారు ఆ మాట విని గడ్డము నిమురుకొనిరి.

“మంచిదేనమ్మా. మొక్కలు మీరే తెప్పించండి. ఇది సవ్యంగా జరిగితే కొనుగోళ్ళన్నీ మీ చేతిలోనే ఉంచుతాను. జరక్కపోతే మాత్రం చూపున్న మనిషిని మీ పైన వేయక తప్పదు. తరవాత నన్ననుకుని లాభం లేదు.”

దమయంతి చేతనున్న ఫోను తెరపైనున్న అక్షరములను చదివి వినిపించునట్టిది. ఐనను గంగరాజుగారి వెబ్‌సైటున బొమ్మలే గాని వాని వెనుక అక్షరములు లేవు. ఆమె వ్రేలు జరపిన కొలది ఫోను “బొమ్మ, బటన్, బొమ్మ, బటన్” అని పలుకుటయే గాని ఏ బొమ్మ దేనిదో చెప్పజాలకపోయెను. వరుసలో మొదటిది పారిజాతము, రెండవది మరువము, మూడవది మల్లె అని ఒక స్నేహితురాలు వెనుకటి వారము చూచి చెప్పియుండుటచే ఆమె ఆ వరుసనే నమ్మి లెక్కించుకొని మూడవ బొమ్మ కడ నలుబది మొక్కలు కోరెను. అందినట్లు వచ్చిన రసీదు సైతము బొమ్మయే!

వంటింట ఉప్పుజాడీ యున్న చోట పంచదారజాడీ నుంచినవారు దానిని చెప్పక ఊరకుండిన ఏమగునో ఇల్లాండ్ర కెల్ల తెలియును. దమయంతి మొక్కలు కోరిన ఆ ఉదయముననే హైమవతి వేసవి పూతకు వచ్చు కాగితపుపూల తీగ చిత్రమును ముందునకు తెచ్చి మూడవ చోట నిలిపి మల్లెను అడుగునకు దింపియుండెను.

గురువారము లారీ వచ్చెను. మొక్కలు వచ్చినవని విని ఎనిమిదేండ్ల ఏస్తేరు అందరికంటె ముందుగా పరుగెత్తి చేయి చాచి “అమ్మా!” అని కేక వేసెను. లేత వ్రేలినుండి నెత్తురు చిమ్మెను. దమయంతి వచ్చి కొమ్మ నొకదానిని తడవిచూచి ఆకును నలిపి ముక్కు కడ నుంచుకొనెను. ఏ వాసనయు లేదు. కొక్కెములవంటి ముండ్లు మాత్రము నిండుగా నుండెను.

ప్రక్కనే నిలిచియున్న అవతారముగారు నిట్టూర్చిరి. “నేనన్నదే జరిగింది కదమ్మా.”

“పది రోజులు గడువివ్వండి సార్. మళ్ళీ నేనే తెప్పిస్తాను. ఈసారి కూడా తప్పితే మీ ఇష్టం.”

ఆమె ఫోను చేయగా గంగరాజుగారు “మూడో దాని మీద నొక్కింది మీరే కదండీ మేడమ్? అమ్మిన మొక్క వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదండి!” అనిరి. చెంత కూర్చుండి ఆ సంభాషణ వినుచున్న హైమవతి వరుస మార్చినది తానేయని యెరిగి మరునాడు బస్సెక్కి వసతిగృహమునకు వచ్చెను.

దమయంతి కోపింపలేదు. తన ఫోనును ఆమె చేతికిచ్చి “కళ్ళు మూసుకుని నాకో మల్లెమొక్క కొనిపెట్టండి చూద్దాం” అనెను. హైమవతి కనులు మూసికొనెను. బొమ్మ, బటన్, బొమ్మ, బటన్. తాను దినదినము చక్కదిద్దుకొన్న తన వాకిటనే తాను త్రోవ గానక నిలిచెను. కనులు తెరచునప్పటికి ఆమె మోము ఎఱ్ఱవారియుండెను.

ఇల్లు చేరిన వెంటనే హైమవతి ప్రతి చిత్రమునకును పేరును వర్ణనమును చేర్పబూనెను. కళాశాలలో చదివిన చదువంతయు జ్ఞప్తికి తెచ్చుకొని మల్లెను గూర్చి ధవళకాంతిమనోహరమని నాలుగు పంక్తులు వ్రాసి పంపగా దమయంతి ఫోనులో ఫక్కున నవ్వెను.

“ఎంత బాగా రాశారండీ! కానీ తెలుపు నేనేం చేసుకోను? ఆకు చేతికెలా తగులుద్ది, ముల్లుందా, వాసన ఏ పూట వస్తుంది, అది చెప్పండి.”

హైమవతి పదేండ్లుగా ఆ మొక్కలను చిత్రములుగానే ఎరిగియుండెను. ఆమె తోటలోనికి పోయి నలుబదియేండ్లుగా అంట్లు కట్టుచున్న నూకాలు చెంత చతికిలబడెను. నూకాలు ఎవరితోనో మాటలాడుచు ఎటో చూచుచు చేతులతోనే కొమ్మ కోసి కట్టు బిగించుచుండెను.

“మల్లాకు నున్నగుంటదమ్మాయిగోరూ, కొస కాస్త కోసుగా. ముల్లుండదు. పొద్దు వాలాక పువ్వు ఇచ్చుకుని వాసనొస్తాది. పారిజాతం ఆకైతే పిల్లి నాలిక్కిమల్లే గరుకు. తెల్లారేసరికి పూలు రాలి కాళ్ళకింద మెత్తగా తగులుతాయి. మరువానికి పువ్వుతో పన్లేదు, ఆకు నలిపితే ఏ పూటైనా గుప్పుమంటాది. ఇదిగో ఈ కాయితం పువ్వుంది చూశారూ, ఇది చూడ్డానికే. ముట్టుకుంటే చీర పట్టుకు లాగుద్ది.”

హైమవతి ఆ మాటలను పొల్లుపోకుండ వ్రాసికొనుచుండ గంగరాజుగారు వచ్చి నిలిచిరి. “ఒక్కావిడ కోసం మూడొందల మొక్కలకీ పురాణం రాస్తావేంటమ్మా?”

“మావయ్యగారూ, మన తోటకి గేటు పెట్టినప్పుడు ఎంతమంది వస్తారో అడిగి పెట్టారా?”

నూకాలు తలయెత్తకయే “అయ్యగోరికి మాత్రం సరిగా కనపడతందేటి? మొన్న జామంటు పట్టుకుని సపోటా అన్నారు” అనెను. గంగరాజుగారు అటునిటు చూచి పై కండువ సవరించుకొని వెడలిపోయిరి. నాటి సాయంకాలము వరండాలో ఆయన ఫోను “ఆకు పిల్లి నాలుకవలె గరుకు” అని పలుకుచుండుటయు ఆయన తల యూపుచు వినుచుండుటయు హైమవతి కంటబడినను ఆమె చూడనట్లే లోనికి పోయెను. మరునాడు ముండ్ల మొక్కలను వెనుకకు తెచ్చుటకు ఆయనయే లారీ నంపిరి.

గడువులో తొమ్మిదవ దినమున అవతారముగారి యెదుట దమయంతి ఫోను తీసెను. “మల్లె. ఆకు నున్నన. ముల్లు లేదు. పొద్దు వాలిన పిదప పరిమళించును. కొనుటకు బటన్” అని ఫోను పలికెను. ఆమె వ్రేలు ఒక్కసారి నొక్కెను. ఎన్ని, ఎక్కడికి, ఎప్పటికి అన్న ప్రశ్నలన్నియు వినబడెను. ఆమె తడుముకొనకుండ బదులిచ్చెను. పారిజాతమును మరువమును అట్లే కోరెను. అవతారముగారు గడ్డము నిమురుకొని “గడపలో పెట్టుకోడానికి మా ఇంటికో మల్లె కూడా చెప్పమ్మా” అనిరి. నాటినుండి కొనుగోళ్ళ పుస్తకము దమయంతి బల్లపైననే నిలిచెను.

మొక్కలు వచ్చి నాటుకొని మొగ్గ తొడుగునప్పటికి చైత్రము వచ్చెను. ఉగాదికి వసతిగృహపు గోడలకు సున్నము వేసిరి. పక్షము గడచిన పిదప హైమవతి చూడవచ్చునప్పటికి సూర్యుడు క్రుంకుచుండెను. కుళాయి కడ మరువపుటాకు నొకదానిని నలిపి వాసన చూచుకొన్న ఏస్తేరు అటనుండి లేచి తల పైకెత్తి ఒక్క క్షణము నిలిచి అప్పుడే విచ్చుచున్న మల్లెల వైపునకు తిన్నగా నడవసాగెను. భోజనశాల మెట్టు పాదమునకు తగులగానే గంతువేసి లోపలనున్న దమయంతికి వినబడునట్లు “అక్కా, ఇయ్యాళ అందరికంటే నేనే ముందొచ్చాను!” అని అరచెను.

హైమవతి ఆ బాలిక వచ్చిన దారిని వెనుదిరిగి చూచెను. గోడపై ఈ కొననుండి ఆ కొనదాక చిన్ని చేతుల జాడ ఒక్కటియు లేక ఉగాదినాటి సున్నము సంజవెలుగున తెల్లగా నిలిచియుండెను.