డామ్సన్ జామ్ సీసాలో నాలుగు బోల్టులు

పెళ్లయి ఏడు వారాలే అయింది గనక రొవీనాకు ఏది చూసినా ముద్దొస్తోంది. కెటిల్ ఈల వేస్తే ముద్దొస్తోంది. పక్కింటి పిల్లి తుమ్మితే ముద్దొస్తోంది. మొగుడు బార్నబీ నిద్రలో "ఏడు బై పదహారు అంగుళాలు, సన్న మర" అని గొణిగితే మరీ ముద్దొస్తోంది.

ఆ ఏడు బై పదహారు సన్న మర బోల్టులే ఆ ఇంటికిప్పుడు ఇలవేల్పులు. బార్నబీ రెండేళ్లుగా గరాజ్‌లో సొంత చేతులతో కారు తయారు చేస్తున్నాడు. రెండు సీట్లు. పైకప్పు లేదు, తలుపులు లేవు, ఎక్కాలంటే స్నానాల తొట్టిలోకి దిగినట్టు దిగాలి. సెప్టెంబరులో అందులోనే సముద్రం ఒడ్డుకు హనీమూన్ వెళ్లాలని పెళ్లినాడే అనుకున్నారు. కాకపోతే ఇంట్లో చేసిన కారు రోడ్డెక్కాలంటే సర్కారు పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష సోమవారం పొద్దున ఎనిమిదింటికి. అది తప్పిందా, మళ్లీ వంతు క్రిస్మస్ దాటాకే.

సీటు బెల్టులు బిగించే నాలుగు బోల్టులు తప్ప అంతా అయిపోయింది. చుట్టుపక్కల కొట్లలో ఉన్నవన్నీ మిల్లీమీటర్లవి. చూడటానికి అచ్చం అలాగే ఉండి, రెండు చుట్లు తిరిగాక మొండికేసేవి. మూడు ఊళ్ల కొట్లు తిరిగారు. పొలంలో పెట్టే పాత సామాన్ల సంతలో మోకాళ్ల మీద కూర్చుని పొగాకు డబ్బాలు గాలించారు. చివరికి ఒక పెద్దాయన బర్మింగ్‌హామ్ నుంచి నాలుగంటే నాలుగు పంపాడు. మొదటి బోల్టు రొవీనా చేతికే ఇచ్చాడు బార్నబీ. పానా అవసరమే లేకుండా, వేళ్లతో తిప్పితేనే వెన్నలో దిగినట్టు చివరిదాకా దిగింది. పెళ్లి ప్రమాణాలప్పుడు రాని కన్నీళ్లు ఆమెకు అప్పుడొచ్చాయి.

మిగతా పనులు అయ్యేలోగా తుప్పు పట్టకూడదని బోల్టులన్నీ తీసి నల్ల గ్రీజులో ముంచి, వంటింట్లో ఆరబెట్టిన ఒక గాజు సీసాలో పెట్టాడు బార్నబీ. దాని మీద అప్పటికే రొవీనా గుండ్రటి అక్షరాలతో అంటించిన చీటీ ఉంది: డామ్సన్ జామ్, ఆగస్టు. దాన్ని మరిచిపోకూడదని కిటికీ గట్టు మీదే ఉంచాడు. పక్కనే పుల్లటి డామ్సన్ పళ్లతో రొవీనా చేసిన అసలు జామ్ సీసా, అదే చీటీతో, అదే నేరేడు నలుపుతో.

శనివారం ఊరి తోటల పోటీ; కూరగాయలకూ జాములకూ బహుమతులిస్తారు. కొత్త కోడలు ఏదో ఒకటి పెట్టకపోతే బాగుండదని అత్తగారు ముందే చెప్పింది. పొద్దున్నే హడావిడిలో సీసా అందుకున్న రొవీనా, అది ఇంత బరువుందేమిటని చూసి, జామ్ బాగా చిక్కగా కుదిరిందని మురిసిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి పోటీ గుడారంలోకి జనాన్ని వదిలారు. బార్నబీ రొప్పుతూ వచ్చాడు, చేతిలో సీసా.

"రొవీనా, బోల్టులేవీ?"

"నీ చేతిలోనే ఉన్నాయిగా."

"ఇందులో వేలు పెట్టి నాకి చూశా. చాలా బాగుంది బంగారం. కానీ ఇది జామ్."

ఇద్దరూ మెల్లగా బల్ల వైపు తిరిగారు. పదకొండు జామ్ సీసాల మధ్య వాళ్ల సీసా, దాని ముందు ఎర్ర చీటీ. మొదటి బహుమతి. కింద న్యాయనిర్ణేత హెప్‌వర్త్ గారి వంకర రాత: "రంగు అమోఘం. చక్కగా గట్టిపడింది. బాణలి వల్ల కాబోలు, కాస్త ఇనుప రుచి. ఒక గింజ తగిలింది, అర మార్కు కోత."

గెలిచిన సీసాలకు లక్కముద్ర వేసి, వచ్చే శనివారం దాకా బీరువాలో పెట్టి, జిల్లా పోటీకి పంపుతారు. కార్యదర్శి డిన్స్‌డేల్ అప్పటికే లక్క కరిగిస్తున్నాడు. మెడలో తాడుకు నిబంధనల పుస్తకం వేలాడుతోంది.

"డిన్స్‌డేల్ గారూ, ఇది జామ్ కాదండీ," అంది రొవీనా. "బోల్టులు."

"నిర్ణేత తీర్పే తుది తీర్పు తల్లీ."

"లోపల ఇనుము ఉందండీ."

"హెప్‌వర్త్ గారు ముప్పై ఒక్క ఏళ్లుగా రుచి చూస్తున్నారు. ఆవిడ జామ్ అంటే జామే. కొత్త కోడలివి, మొదటిసారే గెలిచావు. మొహమాటపడకు."

"అసలు నేను చేయలేదండీ, మా ఆయన చేశాడు."

డిన్స్‌డేల్ పుస్తకం తిరగేసి, రొవీనా పేరు కొట్టేసి బార్నబీ పేరు రాశాడు. "కంగ్రాట్స్ బాబూ. మగవాళ్లు ఈ విభాగంలో గెలవడం ఇదే మొదలు."

లక్క కుతకుతలాడుతోంది. రొవీనా ఆయన మెడ పక్కన తల పెట్టి, వేలాడే పుస్తకాన్ని తలకిందులుగానే చదవసాగింది. మూతకు గుడ్డ కట్టరాదు. సీసా అంచుదాకా నిండాలి. ఏడో నిబంధన దగ్గర ఆమె వేలు ఆగింది: సరుకు ఈ ఊరి పొలిమేరలోనే పండినదై ఉండాలి.

"ఇవి బర్మింగ్‌హామ్‌వి," అంది.

డిన్స్‌డేల్ చేతిలో లక్క గరిటె గాల్లోనే ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది.

"బర్మింగ్‌హామా. పైసరుకు తెచ్చి మా బల్ల మీద పెట్టారా? ఆ ముక్క మొదటే చెప్పి ఏడవచ్చుగా తల్లీ."

ఎర్ర చీటీ చింపి, సీసా వాళ్ల చేతిలో కుక్కి, ముట్టుకున్న వేళ్లను చొక్కాకు తుడుచుకున్నాడు. వాళ్లు ఆ అవమానాన్ని ముద్దాడుకుంటూ ఇంటికి పరిగెత్తారు. సీసా పాత పేపరు మీద బోర్లించారు. మూడే పడ్డాయి.

"గింజ," అంది రొవీనా.

ఆ సాయంత్రం హెప్‌వర్త్ గారి తలుపు ఎంత తట్టినా పలికినవాళ్లు లేరు. చెల్లెలి ఊరు వెళ్లిందట. ఆదివారమంతా బార్నబీ ఖాళీ రంధ్రం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రొవీనా ముద్దు పెట్టినా ఏడు బై పదహారు అన్నాడే గాని ఇంకో మాట లేదు.

టీ వేళకు గేటు కిర్రుమంది. నల్ల టోపీతో హెప్‌వర్త్ గారు. చేతిసంచిలోంచి మడత పెట్టిన రుమాలు తీసింది.

"మీ గింజ. నిర్ణేత దగ్గర సాక్ష్యం ఉండాలని దాచా. డిన్స్‌డేల్ చెప్పాడు, బయటి ఊరి సరుకట." బార్నబీ చెయ్యి చాచాడు. ఆవిడ రుమాలు వెనక్కి లాక్కుంది. "ముందు ఒక సంగతి చెప్పమ్మాయ్. ఆ రంగెలా తెప్పించావ్? ఇన్నేళ్లలో అంత నలుపు ఎవరికీ కుదరలేదు."

రొవీనా మొగుడి వంక చూసింది. మొగుడు రుమాలు వంక చూస్తున్నాడు.

"ట్రాక్టరు బేరింగులకు వాడే గ్రీజండీ."

"ఎంత వేస్తావ్?"

"మునిగేదాకా."

ఆవిడ చిన్న పుస్తకంలో రాసుకుంది. "పంచదార?"

"వేయలేదండీ."

"అది నేను కనిపెట్టా. తీపి తక్కువైంది." పుస్తకం మూసి, రుమాలు ఇచ్చింది. "గింజలు మాత్రం ఏరుకోండి. పళ్లు ఊడతాయి."

బార్నబీ ఆ రుమాలును రెండు చేతులతో అందుకున్నాడు. నాలుగో బోల్టు వేళ్లతోనే చివరిదాకా దిగింది.

సోమవారం పరీక్ష అధికారి పెద్ద బత్తాయంత బంతిని కారు ఒళ్లంతా దొర్లించాడు, ఎక్కడైనా పదును తగులుతుందేమోనని. తర్వాత సీటు బెల్టులు పట్టుకుని, పగబట్టినవాడిలా గుంజాడు. కదల్లేదు. "సరైన బోల్టులే," అని సంతకం పెట్టాడు. అంతకన్నా అందమైన కవిత్వం రొవీనా కాలేజీలో కూడా వినలేదు.

సెప్టెంబరులో సముద్రం గాలికి టోపీలు ఎగిరిపోతుంటే, కారులోనే కూర్చుని రొట్టెకు అసలు జామ్ రాసుకుని తిన్నారు. బార్నబీ పంటి కింద ఏదో టక్కుమంది.

ఉమ్మి చూసుకున్నాడు. గింజే.

"అర మార్కు కోత," అన్నాడు.

రొవీనా దాన్ని రుమాలులో మడిచి దాచుకుంది.