పట్టినవాళ్లే మాట్లాడాలి

నేను ఒక గుడ్డ బంతిని. ఆడుకునే బంతిననుకునేరు, కాదు! నన్ను చూడగానే ఊళ్లను గడగడలాడించే ఆడవాళ్లు కూడా కళ్లు దించేసుకుంటారు, చెప్పులో ఏదో గుచ్చుకున్నట్టు వంగుతారు, మోగని ఫోన్‌ని చెవికి పెట్టుకుంటారు. ఎందుకంటే నేను ఎవరి చేతిలో పడితే వాళ్లు లేచి మాట్లాడాలి. అదీ నా ఉద్యోగం. ఊరూరా తిరిగి పెరటి తోటలూ, విత్తనాలూ, పిల్లల తిండీ గురించి జనానికి నేర్పే విస్తరణ కార్యకర్తలు ఉంటారు కదా, వాళ్లకి కూడా అప్పుడప్పుడూ ఎవరో ఒకరు నేర్పాలి కదా, ఆ శిక్షణ తరగతుల్లో నా కొలువు.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేం లేదు. ఏదో పాత శిక్షణ అయిపోయాక గోడ మీంచి దింపిన గుడ్డ బ్యానరుని శిక్షణ ఇచ్చే హరిప్రియ మేడం ముక్కలుగా కత్తిరించి, లోపల చున్నీ పీలికలు కూరి, నన్ను కుట్టేసింది. అందుకే నా ఒంటి మీద ఒకవైపు 'నైపు' అనీ ఇంకోవైపు 'స్వాగ' అనీ అక్షరాలుంటాయి. పూర్తి మాట ఒక్కటీ లేదు. ఆ హాల్లో నేను విన్న ప్రసంగాలు కూడా చాలావరకు అలాంటివే.

నేను ఎవరి మాటా నమ్మను. చేతుల్ని నమ్ముతాను. "మా ఊళ్లో అందరూ బ్రహ్మాండంగా చేస్తున్నారు మేడం" అని గట్టిగా చెప్పే మనిషి వేళ్లు వణుకుతూ నా కుట్లు పీకుతూ ఉంటే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది చెప్పండి?

ఆ ఎండాకాలం శిక్షణలో మాత్రం అనుమానం నా ఒక్కదానికే కాదు, హాలు హాలంతటికీ పట్టుకుంది. కార్యకర్తల కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఇంకా రాలేదు. ఈసారి కొందరిని తీసేస్తారని పుకారు. దానికి తోడు వెనక కుర్చీలో ఒకాయన! మెడలో పేరు చీటీ లేదు, చేతిలో పెన్ను లేదు, నోట్లో మాట లేదు. వినడమే పని.

"బాలమణక్కా, ఎన్కకు సూడకు గని, ఎన్క ఒకాయన కూసున్నడు సూసినవా?" అని గుసగుసలాడింది శోభారాణి.

"సూడకుమంటవ్, మళ్ల సూసినవా అంటవ్."

"పైనోళ్ల మనిషే అక్కా. ఎవలను ఉంచాల్నో ఎవలను తీసెయ్యాల్నో మనసుల రాసుకుంటున్నడు."

అంతే! భోజనాల దగ్గర ఆయనకే ముందు వడ్డన, ఆయనకే మంచి ముక్కలు. నేను ఎవరి చేతిలో పడినా మేడం వైపు కాకుండా ఆయన వైపు తిరిగి జవాబు చెప్పడం మొదలుపెట్టారు. ఒకరి ఊళ్లో పురుగే లేదట, ఇంకొకరి ఊళ్లో గిరాకీ లేక పురుగుమందుల కొట్టే మూసేశారట. వింటూంటే నాకే నవ్వొచ్చింది, గుడ్డ బంతిని కాబట్టి సరిపోయింది.

రెండో రోజు పొద్దున నేను బాలమణి చేతిలో పడ్డాను. "అంతా మంచిగున్నది మేడం" అంది. గొంతు గలగలా ఉంది, అరచేతులు మాత్రం మంచుగడ్డలు. ఇంతలో టీ గంట మోగింది. నన్ను తిరిగివ్వడం మరిచిపోయి చంకలో పెట్టుకుని నీళ్ల కుళాయి దాకా వచ్చింది. అక్కడ శోభారాణి చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"సెల్లె, మా ఊరి తుల్జత్త చిక్కుడు పందిరి మాడిపోయిందే. నేను కొట్టిన మందుకే. పోయినేడు గీడ ఎట్ల చూపెట్టిన్రో గట్లనే చేసిన. వేపనూనె, సబ్బునీళ్లు, మంచిగ కలిపి, టీ తాగినంకనే కొట్టిన. తెల్లారేసరికి ఆకులన్ని నిప్పు తాకినట్లయినయి. గప్పటి సంది ఆమె నన్ను గడప ఎక్కనిస్తలేదు."

"నోరు మూస్కో అక్కా! ఆయన గాడనే నిలవడ్డడు."

"ఇయ్యాల మళ్ల గదే చూపెడ్తరంట. గీ కొత్త పిల్లలు గదే నేర్చుకొని పోయి ఇంకెందరి పందిర్లు మాడగొడ్తరో."

"మాడగొడ్తే మాడగొట్టనీ. నీ కొలువు నువ్వు సూస్కో."

ఆ మాట అంటూ శోభారాణి కళ్లు ఎటో తిప్పుకుంది. ఆమె మీద కూడా నాకు అనుమానం మొదలైంది.

టీ తర్వాత అందరూ పెరట్లోని ఆకుపచ్చ వల పందిరి కిందికి చేరారు. ఏటా ఇదే వరస: టీ, ఆ తర్వాత మందు కొట్టడం, ఆ తర్వాత భోజనం. హరిప్రియ మేడం మందు కలిపి స్ప్రేయరు భుజానికి తగిలించుకుంది. కొత్త పిల్లలు రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు.

"బంతి ఎవరి దగ్గరుంది? ఓ, బాలమణి గారా! చెప్పండి, పోయినేడు మీ ఊళ్లో ఈ మందు ఎలా పనిచేసింది?"

బాలమణి నన్ను పిసికేస్తోంది. ఒక పక్క ఉద్యోగం, ఇంకో పక్క ఆ పిల్లల చూపులు. వెనక వేపచెట్టు దగ్గర టీ గ్లాసుతో ఆయన. ఉన్నట్టుండి ఆమె చెయ్యి లేచింది, నేను గాల్లో ఉన్నాను, మరుక్షణం ఆయన గ్లాసుకి తగిలి, టీలో తడిసి, ఆయన పొట్ట మీద పడ్డాను.

"ముందుగాల మీరు చెప్పుండ్రి సారూ! పట్టినోళ్లే మాట్లాడాలె. ఎవరు మీరు? మా ముచ్చట్లు పైకి మోస్కపోనీకె వచ్చిన్రా?"

మేడం చెయ్యి స్ప్రేయరు మీద ఆగిపోయింది. ఆయన నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు. బాలమణి చేతులకంటే చల్లగా ఉన్నాయి ఆయనవి!

"నేను విఠల్‌ని అక్కా. పశువులకు సూదులేస్తా. నా శిక్షణ పక్క హాల్ల ఉన్నది. తెల్వక గీ హాల్ల సంతకం పెట్టిన. లేసిపోదమంటే నవ్వుతరేమోనని కూసున్న. నిన్న మజ్జాన్నం అందరికంటె ముందు నాకే వడ్డిస్తిరి, ఇగ చెప్పబుద్ధి కాలే."

నవ్వులంటే నవ్వులు కావు. "మంచి ముక్కలన్ని గీయనకు పెడ్తిమి కదనే!" అని ఒకామె నెత్తి కొట్టుకుంది. విఠల్ సిగ్గుతో నన్ను బాలమణికి విసిరి, "నాదైపోయింది, ఇగ మీరు చెప్పుండ్రి" అన్నాడు.

నవ్వులు ఆగాయి. పైకి రిపోర్టు రాసేది విఠల్ కాదు, హరిప్రియ మేడమే. ఆ సంగతి బాలమణికి తెలుసు. అయినా మేడం స్ప్రేయరు పిడి పట్టుకోగానే ముందుకొచ్చేసింది.

"కొట్టకుండ్రి మేడం. గీ యాళ కొట్టకుండ్రి. మా తుల్జత్త పందిరి గిట్లనే మాడింది."

"ఎండలో కొట్టారా? పుస్తకంలో సాయంత్రం కొట్టాలని ఉంది కదండీ!"

"పుస్తకం ఇంటికి తీస్కపోయి అల్మారీల పెట్టినం మేడం. మీ చెయ్యి సూసి నేర్చుకున్నం. మీ చెయ్యి టీ తాగినంకనే కొట్టింది."

"ఇక్కడంటే పైన వల ఉంది, నీడ ఉంది..."

"తుల్జత్త పందిరి మీద వల లేదు కద మేడం."

మేడం తలెత్తి వలని చూసింది. అన్నేళ్లుగా దాని కిందే నిలబడింది కానీ దాన్ని చూడటం అదే మొదటిసారిలా అనిపించింది నాకు. అంతలో నేను తన చేతిలో లేకపోయినా శోభారాణి నోరు తెరిచింది. "మా ఊళ్ల బెండ మాడింది మేడం." "మాది వంకాయ," అంది ఇంకొకామె. "మా తాన గోరుచిక్కుడు." ఒక్కొక్కామె తన ఒక్క ఊళ్లోనే మాడిందనుకుని, పక్కామె పచ్చటి కబుర్లు విని సిగ్గుపడి, తనూ ఒక పచ్చటి కబురు అల్లి చెబుతూ వచ్చింది. వీళ్లు అనుమానించాల్సిన ఆ కబుర్లని తప్ప అన్నిటినీ అనుమానించారు!

మేడం స్ప్రేయరు దించింది. "సాయంత్రం కొడదాం. బాలమణి గారూ, ఇది రిపోర్టులో రాయాలి. మీ పేరు రాయనా, వద్దా?"

"రాయుండ్రి. ఎట్లయితే గట్లాయె. గీ బంతి మాత్రం నేను తీస్కపోత. తుల్జత్త ముంగట నిలవడాలె."

అలా నేను మొదటిసారి ఊరు చూశాను. పొద్దు గూకే వేళ, మందు డబ్బా వేసుకున్న బాలమణితో, తుల్జమ్మ వాకిట్లో. ఎండిన చిక్కుడు తీగలు పీకేసిన చోట ఆమె బెండ పెట్టింది.

"మళ్ల అచ్చినవా డబ్బా ఏస్కొని? ఇంకేం మిగిలిందని?"

"అత్తా, పొద్దెక్కినంక ఎండల కొట్టిన, తప్పు నాదే. పొద్దు గూకినంక కొట్టాలె."

"గప్పుడు గట్లంటివి, ఇప్పుడు గిట్లంటున్నవ్. రేపేమంటవో!"

బాలమణి నన్ను ఆమె చేతిలో పెట్టింది. "ఇది పట్టుకున్నోళ్లే మాట్లాడాలె అత్తా. నువ్వు తిట్టు. నేను వింట."

ఆ చేతులు వణకలేదు, చెమట పట్టలేదు, నా కుట్లు పీకలేదు. అలాంటి చేతుల్లో నేనెప్పుడూ పడలేదు. ఆ నోట్లోంచి వచ్చిన తిట్లు ఇక్కడ చెప్పను. బాలమణి మాత్రం ఒక్కటీ వదలకుండా నిలబడి విన్నది. అలిసిపోయాక తుల్జమ్మ నన్ను వాసన చూసి మొహం చిట్లించి, "ఒక్క సాలు. గా గోడ పక్క సాలుకు కొట్టు. ఆకు మాడకుంటె నీ బంతి నీకిస్త. మాడిందో, గిది పొయ్యిలకే" అంది.

బాలమణి ఆ సాలుకు కొట్టి వెళ్లింది; అప్పటినుంచి నేను పొయ్యి పక్క గూట్లో తాకట్టు పడి ఉండిపోయాను. అక్కడినుంచి ఆ సాలు, అంటే ఆ బెండ వరస, కనబడేది. రోజూ తెల్లారగానే తుల్జమ్మ గొంతుక్కూర్చుని ఒక్కో ఆకూ తిప్పి కింద చూసేది, నేను ఆమెకంటే అనుమానంగా చూసేదాన్ని. నా ప్రాణం కదా మరి!

బాలమణి రోజూ సాయంత్రం వచ్చి దడి బయటే నిలబడేది. ఒకరోజు అక్కడే ఆమె ఫోన్ మోగింది. పొడిగింపు కాగితం అందరికీ వచ్చిందనీ, శిక్షణకీ దానికీ సంబంధమే లేదనీ శోభారాణి ఒకటే కేకలు. "మంచిదే సెల్లె" అంది బాలమణి, కళ్లు మాత్రం బెండ ఆకుల మీదే ఉన్నాయి.

తుల్జమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "గాడెందుకు నిలవడ్డవ్, లోపలికి రా. పక్క సాలుకు గూడ కొట్టిపో."

"మరి నా బంతి అత్తా?"

"బంతి ముచ్చట తరువాత. పక్క సాలు ఎట్లుంటదో సూడొద్దా?" అంటూ లోపలికి వచ్చి, పొయ్యి పక్క గూట్లోంచి నన్ను తీసి, దులిపి, పసుపూ కుంకుమా ఉండే పై గూట్లో పెట్టింది.