నాలుగు డిగ్రీల తేడా

"యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్. పూర్తిగా తీసెయ్" అంది వర్క్‌షాప్ నడిపే అక్క ఫోన్‌లో.

"తీస్తే బండి ఆగిపోతుందక్కా. ఫ్లైఓవర్ ఎక్కుతున్నా. వెనక పేషెంట్ ఉన్నాడు."

అంబులెన్స్ డ్రైవర్ గొంతు వెనకాల ఇంజన్ వినిపిస్తోంది. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు గలగల. ఆ చప్పుడు వర్క్‌షాప్‌లో అందరికీ తెలుసు. స్పార్క్ పడాల్సిన క్షణం కంటే ముందే పడుతోంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పెట్రోలు భగ్గుమని దాని నెత్తిన మొత్తుతోంది.

"ఆగితే ఆగనీ. ఇంకో బండి పంపమని ఆసుపత్రికి చెప్పు."

అటువైపు ఫట్‌మని ఏదో పేలింది. తర్వాత సైరన్ ఒక్కటే మోగుతూ ఉండిపోయింది.

పేషెంటుని ఇంకో అంబులెన్సులోకి మార్చారు. ప్రాణం దక్కింది. చచ్చిన బండి మాత్రం డ్రైవర్‌తో సహా తాడుకు వేలాడుతూ వర్క్‌షాప్‌కి వచ్చింది. దాని వెనకే ఆసుపత్రి వాహనాల మేనేజర్ కారు దిగాడు. పలకరింపులు లేవు.

"పోయిన వారం ఈ బండి మీ దగ్గరే సర్వీసయింది. దీని కంప్యూటర్ ముట్టుకుంది ఎవరు?"

"నేనే సార్" అన్నాడు అక్క తమ్ముడు. వర్క్‌షాప్‌లో లాప్‌టాప్ పనులన్నీ అతనివే. "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను. టైమింగ్ జోలికి వెళ్లలేదు."

"నువ్వు వెళ్లకపోతే ఇంజన్ తనంతట తనే గెలుక్కుందా?" మేనేజర్ అక్క వైపు తిరిగాడు. "నేను వెళ్లేలోగా నాకొక పేరు కావాలి. ఆ మనిషి ఇక మా బండ్ల మీద చెయ్యి వెయ్యకూడదు. మిగతా ఆసుపత్రులకీ చెప్తాను. పేరు చెప్పకపోతే మీ తమ్ముడి పేరే."

ఊళ్లో ఉన్న అంబులెన్సులన్నీ ఈ షెడ్డుకే వస్తాయి. వాటిని ముట్టుకోవద్దంటే ఈ షెడ్డులో ఉండొద్దన్నట్టే.

అక్క బానెట్ ఎత్తింది. "ముందు లాప్‌టాప్ పెట్టరా."

తమ్ముడు కేబుల్ తగిలించాడు. ఇంజన్ ఏ వేగంలో, ఎంత బరువు లాగుతున్నప్పుడు స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు పడాలో చెప్పే పట్టిక కంప్యూటర్‌లో ఉంటుంది. దాన్ని కంపెనీ పట్టికతో పోల్చి చూశారు. ఒక్క గడి కూడా తేడా లేదు.

"ఇక్కడ చూడక్కా. నాక్ సెన్సార్ పొద్దుటి నుంచీ గలగల వింటూనే ఉంది. విన్నప్పుడల్లా కంప్యూటర్ స్పార్క్‌ని ఆలస్యం చేస్తూ వెనక్కి లాగింది. లాగగలిగినంతా లాగేసింది. ఫ్లైఓవర్ ఎక్కేసరికి ఇక లాగడానికేం మిగల్లేదు."

"నీ లాప్‌టాప్ నీ పాటే పాడుతుంది" అన్నాడు మేనేజర్.

"అందుకే దాని మాట నమ్మొద్దు సార్. కళ్లతో చూద్దాం." అక్క లోపలికెళ్లి టైమింగ్ లైటు తెచ్చింది. పిస్తోలు ఆకారంలో ఉంటుంది. స్పార్క్ పడిన ప్రతిసారీ ఒక్క మెరుపు మెరుస్తుంది. ఆ మెరుపులో, గిర్రున తిరిగే పుల్లీ మీది గీత కదలకుండా నిలబడినట్టు కనిపిస్తుంది. ఆ గీత ఏ అంకె దగ్గరుంటే అదే అసలు టైమింగ్.

నాలుగు సిలిండర్లలో ఒకటి పోయింది, మిగిలిన మూడింటి మీద ఇంజన్ కుంటుతూ లేచింది.

"ఎంత చూపిస్తోందిరా?"

"పది డిగ్రీలు. కంపెనీ చెప్పింది కూడా పదే."

అక్క పుల్లీ మీదికి వెలుగు కొట్టి, వంగి చూసింది. తర్వాత పక్కకి జరిగి మేనేజర్‌ని రమ్మంది.

"పద్నాలుగు" అని చదివాడు మేనేజర్. "అదేంటి, కంప్యూటర్ పదంటోంది కదా?"

"అది అబద్ధం చెప్పట్లేదు సార్. దానికే ఎవరో అబద్ధం చెప్తున్నారు. పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్‌కి కనిపించదు. ఇదిగో, ఈ పళ్ల చక్రం పక్కన సెన్సార్ ఉంది చూశారా, ఒక్కో పన్ను దాటుతుంటే ఇది కబురు పెడుతుంది. కబురు ముందొస్తే స్పార్క్ కూడా ముందే పడుతుంది."

ఇంజన్ ఆపి, సెన్సార్‌ని పట్టి ఉంచే బ్రాకెట్ విప్పి చేతిలోకి తీసుకుంది. బోల్టు రంధ్రం గుండ్రంగా లేదు. ఎవరో దాన్ని ఆకురాయితో కోలగా రాసి, సెన్సార్‌ని పక్కకి జరిపి బిగించారు. రాసిన చోట ఇనుము ఇంకా తళతళలాడుతోంది. గీతలన్నీ ఒకే వాటంగా, ఒక్క వంకర లేకుండా ఉన్నాయి.

చెయ్యి తిరిగినవాడి పని. లాప్‌టాప్ తెలిసినవాడికి ఈ అవస్థ అక్కర్లేదు, కూర్చున్న చోటే అంకె మార్చేస్తాడు.

అక్క డ్రైవర్‌ని చూసింది. "బండి సరిగా లాగట్లేదని ఎవరితోనైనా అన్నావా?"

డ్రైవర్ తన చెప్పుల్ని చూసుకున్నాడు. "ఏదో మాటవరసకి అన్నానక్కా."

ఎవరితోనో అతను చెప్పలేదు, అక్క అడగలేదు. తిన్నగా షెడ్డు వెనక్కి వెళ్లింది. ఆమె మామగారు అక్కడ స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఈ షెడ్డు కట్టింది ఆయనే. చేతులు వణకడం మొదలయ్యాక పనంతా కోడలికి అప్పజెప్పారు. ఆకురాయి పట్టుకుంటే మాత్రం ఆ చేతులు ఇప్పటికీ వణకవు.

ఆమె బ్రాకెట్ ఆయన ఒళ్లో పెట్టింది.

"బండికి ఇంత ఊపు ఇమ్మన్నాడమ్మా ఆ డ్రైవరు" అన్నారాయన. "మా రోజుల్లో స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ని చేత్తో ఇటో రవ్వ, అటో రవ్వ తిప్పేవాణ్ణి. చెవితో విని ఆపేవాణ్ణి. ఇందులో తిప్పడానికేం లేదు. ఈ సెన్సార్ని జరిపితే అదీ ఇదీ ఒకటే కదా అనుకున్నా."

"ఒకటే మామయ్యా. మీరు చేసింది పనిచేసింది. కానీ ఇక్కడ ఖాళీ బండిలో విన్నారు. నిండు బండి ఎండలో ఎత్తెక్కితే ఎలా ఉంటుందో వినలేదు."

"నేను ముందే నీతో ఒక్క మాట అనాల్సింది."

"అనాల్సింది."

"అంటే వద్దనేదానివి."

"అనేదాన్నే. రండి, సార్‌తో మీరే చెప్పండి."

ఆయన లేచి వచ్చారు. మేనేజర్ ముందు నిలబడ్డారు. "ఈ ఎండలకి ఇంజన్లు..." అని మొదలుపెట్టి, ఈ మధ్య పెట్రోలు కూడా మంచిది రావట్లేదని కాసేపు చెప్పారు.

తమ్ముడు అక్క పక్కకి వచ్చాడు. బ్రాకెట్ మీది గీతలు ఎవరి చేతివో అతనికీ తెలిసిపోయింది. "నా పేరు చెప్పేయక్కా" అన్నాడు మెల్లగా. "నేను వేరే ఊరెళ్లి బతుకుతా. ఆయన ఈ వయసులో ఈ గుమ్మం దిగి ఎక్కడికెళ్తారు?"

"నోర్మూసుకో" అంది అక్క అంతే మెల్లగా.

మేనేజర్ గడియారం చూసుకున్నాడు. "నాకు పెట్రోలు కథలొద్దు. ఈ బ్రాకెట్ రాసింది ఎవరు?"

పెద్దాయన కోడలి వైపు చూశారు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమెకి స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆడపిల్లకి షెడ్డులో ఏం పనన్న వాళ్లని గేటు దగ్గరే ఆపి, ఇది నా కోడలి షెడ్డు అని చెప్పిందీ ఆయనే. ఆమె చూపు తిప్పుకోలేదు.

"మా మామయ్య" అంది.