ఏ డబ్బులో కడతారు?

టూరు బస్సులో ముప్పై మంది ఉంటే ముప్పై మందికీ లెక్కల మాస్టారే గురువు. ఆయన ఉద్యోగం రిటైరైంది గానీ గొంతు ఇంకా కాలేదు. పరాయి దేశంలో దిగిన దగ్గర్నుంచీ మైకు వదలకుండా పాఠం చెబుతున్నాడు.

"వస్తువు నచ్చినట్టు మొహంలో కనబడకూడదు. చెప్పిన ధరలో మూడో వంతు నుంచి మొదలుపెట్టాలి. ఇవ్వనంటే లేచి వచ్చేయాలి. వాళ్లే వెనక్కి పిలుస్తారు."

పక్క సీట్లో ఆయన భార్య కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బ్యాంకులో విదేశీ మారకం కౌంటర్లో ఆరేళ్లు పనిచేసిన మనిషి. బయల్దేరే ముందు ఒక మాట చెప్పబోయింది.

"కార్డు పెట్టినప్పుడు మన డబ్బులో కడతారా, వాళ్ల డబ్బులోనా అని మిషను అడుగుతుందండీ..."

"కౌంటరు వెనక కూర్చున్నదానివి, బజారు సంగతి నీకేం తెలుసు?" అని ఆయన కొట్టిపారేశాడు.

తోలు సంచుల కొట్లో బేరం రెండు గంటలు సాగింది. కొట్టామె క్యాలిక్యులేటర్ మీద ఒక అంకె కొట్టి చూపించడం, మాస్టారు పెదవి విరిచి తన అంకె కొట్టడం. రెండుసార్లు లేచి బయటికి నడిచాడు. మొదటిసారి ఆమె పిలిచింది. రెండోసారి పిలవలేదు. మాస్టారే ఏదో మరిచిపోయినట్టు తిరిగొచ్చాడు. భార్యకి కాళ్లు లాగేసి, అమ్మకానికి పెట్టిన పెట్టె మీదే కూలబడింది. చివరికి నూటికి ఆరు తగ్గింది.

మిషను అడగనే అడిగింది.

"వాళ్ల డబ్బు నొక్కండి," అంది ఆవిడ మెల్లిగా.

"మనదైతే ఎంత పోతోందో కళ్లకు కనబడుతుంది. తెలియని డబ్బులో కట్టడానికి నేనేమన్నా వెర్రివాడినా?" అంటూ ఆయన 'మన డబ్బు' నొక్కాడు.

ఆవిడ రసీదు అడుగున ఉన్న సన్న అక్షరాలు చదివింది. మన డబ్బులోకి మార్చినందుకు మారకం రేటులో నూటికి ఎనిమిది హరీమంది. చెబుదామని తలెత్తేసరికి, మాస్టారు సంచి భుజాన వేసుకుని కోట జయించినవాడిలా నడుస్తున్నాడు. ఊరుకుంది. ఆ సాయంత్రం ఎంతకి కొన్నాడో ఆయన బస్సంతటికీ చాటాడు.

మర్నాడు ఎనిమిది మంది ఆయన వెంటపడి అదే కొట్టుకి వెళ్లారు. మాస్టారు వాళ్ల తరఫున బేరమాడుతుంటే, ఆవిడ డబ్బు కట్టే చోట నిలబడి ఒక్కొక్కరి చెవిలో ఒకే ముక్క వేసింది.

బస్సెక్కాక ఆ ఎనిమిది మందిలో ఒకరైన టైలరమ్మ ఫోనులో బ్యాంకు మెసేజి చూసుకుంది.

"మాస్టారూ, అదే సంచి, అదే ధర. మీకన్నా నాకు తక్కువ పడిందేంటండీ?"

"ఏ డబ్బులో కట్టావు?"

"వాళ్ల డబ్బులోనే. మేడమ్‌గారు అలా కట్టమన్నారు."

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. ఆయనే తిప్పుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో. ఇన్నాళ్లకి ఒంటబట్టింది."

ఆవిడ లేచి వెళ్లి టైలరమ్మ పక్కన కూర్చుంది. మిగిలిన నాలుగు రోజులూ అక్కడే కూర్చుంది. కొట్టుకెళ్లే ముందు జనం ఆవిడ చుట్టూ చేరేవారు. ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేది. మాస్టారు వెనకాల నిలబడి, "అదే కదా నేనూ మొత్తుకుంటున్నది," అనేవాడు. ఎవరూ వెనక్కి తిరిగి చూసేవారు కాదు.