రెండో గడి

"పై గడి నాది, కింది గడి నీది," అన్నారు మా ఆయన జయపాల్, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక నెట్ సెంటర్లో కంప్యూటర్ ముందున్న ఒక్క కుర్చీలో కూర్చుని. నేను పక్కన నిలబడ్డాను. దరఖాస్తు నాది, దూరవిద్యలో ఎం.ఏ.కి. ఇరవై రెండేళ్లుగా వాయిదా పడిన చదువు. ఆ ఏడే దరఖాస్తులు కంప్యూటర్లో పెట్టమన్నారు, సాయంత్రం ఐదింటితో గడువు ఆఖరు. రేషన్ కార్డు మొదలు చర్చి రిజిస్టరు దాకా పైన ఆయన పేరు, కింద నా పేరు రాసి అలవాటైన వాళ్లం. పాస్‌వర్డు రెండుసార్లు అడిగితే మొగుడికొకటి, పెళ్లానికొకటి అనుకున్నాం. సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, నేనూ అలాగే అనుకున్నాను.

ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో కొట్టారు. అన్నీ చుక్కలే. నేను వంగి కింద మా అమ్మ పేరు కొట్టాను. రెండూ కలవలేదని ఎర్రక్షరాలు వచ్చాయి.

"ఏం కొట్టినవ్? నేను కొట్టిందే కొట్టాలె గదా!"

"మీరేం కొట్టిన్రో చెప్పలేదు గదా."

"గింత కూడా తెల్వదా? గీమెకు ఎం.ఏ. గావాల్నట!" సెంటరంతా వినబడేట్టు అన్నారు.

కాపురానికొచ్చిన కొత్తలో అత్తమ్మ చెప్పింది, "మొగని మనసుల ఏమున్నదో అడగకుంట తెల్సుకోవాలె బిడ్డా" అని. తెలుసుకున్నాను. కూరలో కారం ఎంతుండాలో, ఆదివారం గుడికి ఏ చొక్కా తీసిపెట్టాలో, ఏ రోజు నోరు మూసుకోవాలో. తప్పితే తిట్లు, సరిపోతే మౌనం. బళ్లో నలభై మందికి పాఠం చెప్పి వచ్చాక ఇంట్లో నా రెండో ఉద్యోగం ఇదే, దీనికి సెలవు కూడా లేదు. ఇప్పుడు చుక్కల వెనక ఏముందో కూడా నేనే కనిపెట్టాలి. ఒళ్లు మండింది. అయినా చూడండి నా బుద్ధి, వాళ్ల ఊరి పేరా, స్కూటర్ నంబరా అని లోపల వెతుకుతూనే ఉన్నాను.

ఆయన మళ్లీ కొట్టారు. నేను స్కూటర్ నంబరు కొట్టాను. పేజీ ముందుకు కదిలింది.

"చూసినవా? మనసు పెడితె ఎందుకు రాదు?" అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు, ఆయన మనసు నాకింతగా తెలిసిపోయిందా అని భయం వేసింది. నా మనసులో ఏముందో ఈయన్ని కనిపెట్టమంటే జన్మంతా కూర్చున్నా కనిపెట్టలేరు.

సెంటర్ చూసుకునే అమ్మాయి లోయిస్ దగ్గరికొచ్చి, "ఆంటీ, ఫారం ఎవరిదైతే రెండు గడులూ వాళ్లే నింపాలె. ఇంకా పంపలేదు గదా, వెనక్కి పోయి మార్చొచ్చు," అంది.

గోడ గడియారంలో పావుతక్కువ ఐదు.

"జర లేవుండ్రి," అన్నాను ఆయనతో.

"ఏంది?"

"కుర్చీలకెల్లి లేవుండ్రి. నేను కూసుంట."